ముందు బెంచీకి ఒక లాప్‌టాప్

మా వదినతో నాకు పడదు. ఈ సంగతి మా వీధి వీధంతా ఎరుగుదురు కాబట్టి దాచుకోవలసిన పని లేదు. నేను కుట్టే కార్ల సీటు కవర్లకు ఆవిడ వంకలు పెడుతుంది. ఆవిడ పెట్టే టీ గురించి నేను ఉన్నమాట చెబుతాను. అయినా సరే, ఎవరైనా వచ్చి "పాపం, మీ వదిన ఈ వయసులో ఇంకా ఆ టైపు పనికి పోతోందా?" అని జాలి పడితే మాత్రం నాకు ఒళ్లు మండిపోతుంది. ఆవిడను ఏమన్నా అనాలంటే నేనే అనాలి, బయటివాళ్లకు ఆ సరదా దేనికి?

ఆవిడ పని కొంచెం చిత్రమైనది. లా కాలేజీలో చదివే ఒక అమ్మాయికి చెవులు వినిపించవు. వదిన ఆ అమ్మాయి పక్కన కూర్చుని, లెక్చరర్ నోట్లోంచి ఊడిపడిన ప్రతి మాటనూ అప్పటికప్పుడు లాప్‌టాప్ మీద కొడుతుంది. పిల్ల పక్కనుంచి తెర చూసి చదువుకుంటుంది. లెక్చరర్ దగ్గితే 'దగ్గారు' అని కొడుతుంది. వెనకాల ఎవరైనా ఆవులిస్తే అదీ కొడుతుంది.

"ఆవులింతలు కూడా దేనికి వదినా, వేలు నొప్పి కాకపోతే?" అన్నాను ఒకసారి.

"గదిలో అందరికీ వినిపించింది దానికొక్కదానికే ఎందుకు తెలియకూడదు?" అంది. ఆవిడతో వాదన పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది.

వదిన టైపు నేర్చింది ఇనుప మిషన్ల మీద. పెళ్లికి ముందు ఒక డాక్టరు దగ్గర రిపోర్టులు కొట్టేది. ఆయన చెబుతూ ఉంటే ఈవిడ కొట్టాలి, కార్బన్ల కింద ఆఖరి కాగితం దాకా అక్షరం దిగాలి. అందుకని మీట మీద వేలు పెట్టడం ఆవిడకు చేతకాదు, గుద్దడమే వచ్చు. మా అన్నయ్య జ్వరమని ఆ డాక్టరు దగ్గరికి వెళ్లి, బయట బల్ల మీద కూర్చుని, లోపల్నుంచి వచ్చే ఆ మోత విన్నాడు. జ్వరం తగ్గాక కూడా తగ్గలేదని చెప్పి మళ్లీ మళ్లీ వెళ్లాడు. పెళ్లిచూపుల కంటే ముందు మా వాడు పెళ్లిమోత విన్నాడని ఇప్పటికీ ఏడిపిస్తుంటాను.

ఆ అమ్మాయిని వదిన మొదటి రోజునుంచే 'లాయరమ్మా' అని పిలిచింది. ఇంకా పుస్తకాలు కూడా కొనుక్కోని పిల్లను పట్టుకుని లాయరమ్మ ఏమిటని నేను నవ్వాను. ఇప్పుడు నాక్కూడా వేరే పేరు నోటికి రాదు. లాయరమ్మకు చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి చెవులు పోయాయి, మాట పోలేదు. కానీ తన గొంతు తనకు వినపడదు కదా, ఒక్కోసారి కీచుగా పైకి లేచిపోతుంది. కాలేజీలో చేరిన కొత్తలో అందరితోపాటు లేచి నిలబడి తన పేరు చెప్పుకుంది. క్లాసు గొల్లుమంది. వదిన తెర మీద 'నవ్వారు' అని కొట్టింది.

"నీకసలు బుద్ధుందా? ఆ ఒక్క మాట మింగేస్తే ఏం పోయేది?" అని ఆ రోజు నేను అరిచాను.

"దానికి అబద్ధం కొట్టి చూపించమంటావా?" అని ఆవిడా అరిచింది. ఆ తర్వాత వెళ్లి వంటగదిలో ఒక్కతే చాలాసేపు కూర్చుంది. లాయరమ్మ మాత్రం ఆ రోజునుంచి కాలేజీలో నోరు విప్పలేదు.

ఇంతకీ అసలు తగువు మొదలైంది సాక్ష్యాల గురించి చెప్పే లెక్చరర్ దగ్గర. ఆయన మంచివాడే, కాకపోతే బోర్డుతో మాట్లాడతాడు. పిల్లల వైపు వీపు పెట్టి, తనలో తను గొణుక్కున్నట్టు చెప్పుకుంటూ పోతాడు. ఆ గొణుగుడు మధ్యలో ముందు బెంచీనుంచి మా వదిన మోత. కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఒకరోజు చాక్‌పీసు విరిచేసి వెనక్కి తిరిగాడు.

"నా క్లాసులో నా గొంతు తప్ప రెండో చప్పుడు వినపడకూడదు మేడమ్. మీరు వెనక బెంచీకి వెళ్లండి. ప్లగ్గు కూడా అక్కడే ఉంది."

ప్లగ్గు మాట నిజమే. కాలేజీ వాళ్లు వదినకిచ్చిన పాత లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, తీగ పెట్టకపోతే లేవదు. గదిలో ఉన్న ఒక్క ప్లగ్గూ వెనక గోడకుంది, అక్కడినుంచి పొడుగు తీగ లాక్కుని ఇన్నాళ్లూ ముందు కూర్చుంది. ఇద్దరూ వెనక్కి పోయారు. అక్కడికి ఆయన గొణుగుడు చేరదు. వదినవి కుర్రచెవులు కావు, ఫ్యాను గోల ఒకటి. వినపడని చోటల్లా ఆవిడ నిజాయితీగా 'వినిపించలేదు' అని కొట్టింది. ఇంటికెళ్లి లాయరమ్మ పాఠం తెరిస్తే, సాక్ష్యాల చట్టం కంటే 'వినిపించలేదు'లే ఎక్కువ. ఆ పరీక్ష పోయింది. ఆయన పేపరు ఇంకోసారి పోతే కాలేజీలోంచి పేరు తీసేస్తారు. లేతు మిషన్ మీద పనిచేసే వాళ్ల నాన్న వచ్చి వదినతో, "చాల్లేండమ్మా, మీరు మాత్రం ఎంతని కష్టపడతారు? ఇంటిపట్టున కూర్చుని చేసుకునే పనేదైనా చూస్తాను" అన్నాడు. కూతురి ముఖం వైపు చూడకుండా అన్నాడు.

వదిన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "నేనే ఒక లాప్‌టాప్ కొంటున్నాను" అంది. "రోజంతా ప్లగ్గు అడక్కూడదు. మీటలు చప్పుడు చెయ్యకూడదు. కిటికీ పక్కన కూర్చుంటాం, తెర అద్దంలా మెరవకూడదు. ముందు బెంచీకి మళ్లీ వెళ్తాం. ఎవరాపుతారో చూస్తాను."

"మనం మాట్లాడుతుంటే దానంతటదే టైపు చేసుకునేవి వచ్చాయటగా?" అన్నాడు అన్నయ్య.

"వచ్చాయి. ఆయన గొణుగుడూ, ఫ్యానూ కలిపి అది ఏం కొట్టిందో చూశాను. సాక్షికి బదులు ఫ్యానును బోనెక్కించేలా ఉంది."

"పోనీ, నువ్వు కొట్టింది ఆ అమ్మాయి ఫోన్‌కు పంపొచ్చుగా?"

"తల వంచుకుని ఒళ్లో ఫోను చూసుకుంటూ కూర్చుంటుందా క్లాసులో? నా అక్షరాల మీదనుంచి కన్నెత్తితే ఎదురుగా ఆయన కనపడాలి. ఆయనకు దాని ముఖం కనపడాలి."

ఇక్కడ మా అన్నయ్య గురించి ఒక మాట చెప్పాలి. ఆఫీసులో నలుగురి ఫైళ్లు చూసే గుమాస్తా. లోకంలో ఆయన సహించలేనిది ఒకటే, భుజం మీదనుంచి తొంగిచూసేవాళ్లు. బస్సులో పేపరు చదవాలంటే పక్కవాడి కంట పడకుండా మడతలు పెట్టి, చివరికి అరచేయంత చేసుకుని చదువుతాడు. అలాంటి మనిషి, పెళ్లాం పట్టుదల చూసి ముచ్చటపడి, చెప్పకుండా లాప్‌టాప్ కొనుక్కొచ్చేశాడు. నిజం చెప్పొద్దూ, బాగానే వెతికాడు. మీటలు మెత్తగా ఉన్నాయి, బ్యాటరీ దిట్టంగా ఉంది, తెర మెరవడం లేదు. వదిన ఎదురుగా కూర్చుని కొట్టి చూసి, "మీకూ కొంచెం తెలివుందండీ" అంది. ఆ ఇంట్లో అంతకు మించిన మెప్పు నేనెన్నడూ వినలేదు.

మర్నాడు ఇద్దరూ దర్జాగా ముందు బెంచీలో కూర్చున్నారు. లెక్చరర్ మొదలుపెట్టాడు, వదిన మొదలుపెట్టింది. లాయరమ్మ పక్కనుంచి చూస్తే తెర నల్లగా ఉంది. ఆన్ చెయ్యలేదేమోనని వదిన చేతిమీద తట్టింది. వదినకు తన ముందు అక్షరాలు శుభ్రంగా కనపడుతున్నాయి, పిల్ల దేనికి తడుతోందో అర్థం కాలేదు. లాయరమ్మ ఇంకా వంగింది, ఇంకా వంగింది, చివరికి వదిన భుజం మీద తల ఆనించేదాకా వంగింది. లెక్చరర్ వెనక్కి తిరిగి, "ఇది నిద్రపోయే చోటు కాదు" అన్నాడు. వదిన ఆ మాట కూడా కొట్టింది. లాయరమ్మ అంత దగ్గరగా ఉంది కాబట్టి ఆ ఒక్క మాటే చదవగలిగింది. లేచి, సంచీ తీసుకుని, క్లాసులోంచి వెళ్లిపోయింది.

సాయంత్రం వదిన లాప్‌టాప్‌ను అన్నయ్య ముందు పెట్టి, ఆయన్ను పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

"చదవండి."

"ఏం కనపడటం లేదే."

"ఏం చూసి కొన్నారు దీన్ని?"

అన్నయ్య ముఖం ఇంకా వెలుగుతూనే ఉంది పాపం. "అదే దీని గొప్ప! ఎదురుగా కూర్చున్నవాళ్లకు తప్ప పక్కవాళ్లకు ఒక్క అక్షరం కనపడదు. తెరలోనే ఉంటుందట ఆ ఏర్పాటు, ఎవరూ తీయలేరట. నీ పని నీదే, ఎవరి కళ్లూ పడవు."

నేను నవ్వడం మొదలుపెట్టాను, ఆపుకోవడం నా వల్ల కాలేదు. పక్కవాళ్లు చదవడం కోసమే బతుకుతున్న ఆడదానికి, పక్కవాళ్లు చదవలేని లాప్‌టాప్ వెతికి వెతికి తెచ్చాడు మా అన్నయ్య. అప్పటికి ఆయనకు తట్టింది. ముఖం కందగడ్డయింది. నీళ్లు నమిలి నమిలి, "రేపు మార్పించుకొస్తాను" అన్నాడు.

"మీరొక్కరూ కాదు" అంది వదిన. "చదివేది లాయరమ్మ. దాన్ని కూడా తీసుకెళ్దాం." నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వెళ్లాను.

కొట్టులో పిల్లవాడు కాదు, నలభై ఏళ్లు పైబడిన సేల్స్‌మన్. మెడలో టై, నోట్లో ఆగని మాట. మేం నలుగురం నిలబడితే అన్నయ్య ఒక్కడే కనపడ్డాడు ఆయనకు.

"మేడమ్‌గారు ఎక్కువగా ఏం వాడతారు సార్? సినిమాలా, ఫొటోలా?"

"ఆవిడనే అడగండి బాబూ" అన్నాడు అన్నయ్య, ముందు రోజు తిన్న చీవాట్లు ఇంకా అరక్క.

వదిన లాయరమ్మకు పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి, ఒక్కొక్క లాప్‌టాప్ ముందూ కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. పల్చగా కాగితంలా ఉన్నదాని మీద ఆవిడ వేళ్లు పడగానే బల్ల అదిరింది. "నొక్కాలి మేడమ్, కొట్టకూడదు" అన్నాడు సేల్స్‌మన్ గుండె పట్టుకుని. ఒకదాని తెరలో అక్షరాల కంటే ట్యూబులైటు, నా జడ, అన్నయ్య బట్టతల బాగా కనపడ్డాయి. ఇంకోదానికి మీటల కింద రంగు రంగుల దీపాలు వెలిగాయి. "ఇది లెక్చరర్‌గారి మొహాన వెలిగితే మనల్ని వెనక బెంచీకి కాదు, వీధిలోకే పంపుతాడు" అన్నాను నేను. చివరికి బూడిద రంగుది ఒకటి దొరికింది. పక్కనుంచి చూసినా అక్షరం చెదరడం లేదు, బ్యాటరీ సాయంత్రం దాకా ఉంటుందట, మీటలు పిల్లి నడిచినట్టున్నాయి. వదిన కళ్లు వెలిగాయి. "ఇదే" అంది.

లాయరమ్మ అడ్డంగా తల ఊపింది.

కనపడటం లేదా అని సైగ చేసింది వదిన. కనపడుతోందని లాయరమ్మ సైగ. మరేమిటి? లాయరమ్మ లేచి, పక్క బల్ల మీద ఎవరో పాట పెట్టి వదిలేసిన లాప్‌టాప్ దగ్గరికి వెళ్లి, దాని మీద అరచేయి ఆనించింది. తర్వాత ఇంకోదాని మీద పాట పెట్టించుకుని చేయి పెట్టింది. తర్వాత ఇంకోదాని మీద. జ్వరం చూసినట్టు ఒక్కొక్కదాన్నీ తాకి చూస్తూ కొట్టంతా తిరుగుతోంది.

సేల్స్‌మన్ అన్నయ్య చెవి దగ్గరికి వచ్చాడు. "పాటల సంగతి ఆ అమ్మాయికెందుకు సార్? ఎలాగూ వినపడదు కదా."

చెవిలో చెప్పిన మాట నాకు వినపడింది, వదినకూ వినపడింది. వదిన బూడిద రంగుదాని మీద వంగి ఆ మాట ఉన్నదున్నట్టు టకటకా కొట్టి, లాయరమ్మను పిలిచి చూపించింది. మింగేయదు కదా, ఆవిడ ఏదీ మింగేయదు.

లాయరమ్మ చదివింది. చదివి, అంతకుముందు తన చేతికింద అన్నిటికంటే గట్టిగా అదిరినదాని దగ్గరికి తిరిగి వెళ్లింది. లావుగా, మొద్దుగా, ఎవరూ చూడని మూలన ఉన్న లాప్‌టాప్ అది. మీటలకు రెండు వైపులా పెద్ద స్పీకర్లు. దాని ముందు కూర్చుని ఏదో కొట్టింది, వెతికి ఒక మీట నొక్కింది. ఆమె కొట్టినదాన్ని పైకి చదువుతూ, రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే ఆడగొంతు లాంటిది ఒకటి కొట్టు పైకప్పు ఎగిరిపోయేలా లేచింది.

"వాడేది నేను. నాతో మాట్లాడండి."

కొట్టులో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. సేల్స్‌మన్ మొదటిసారి లాయరమ్మ ముఖం చూశాడు. "సారీ అండీ" అన్నాడు. నాకు ఈల వెయ్యాలనిపించింది. వేశాను కూడా.

వదిన మాత్రం కరగలేదు. ఆ మొద్దుదాని మీటలు నొక్కి చూసింది. కటకటమంటున్నాయి. ఆవిడ ముఖం మాడ్చుకుని, "తెర బాగుంది, బ్యాటరీ ఉంది. కానీ ఈ చప్పుడు చూడు. ఆయన మళ్లీ వెనక్కి పంపుతాడు. ఇంకోసారి పేపరు పోతే ఏమవుతుందో తెలుసు కదా?" అని కొట్టి చూపించింది.

లాయరమ్మ ఈసారి గొంతు పెట్టకుండా కింద కొట్టింది. మేం ముగ్గురం పక్కనుంచే చదివాం.

"రెండేళ్లు చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాను ఆంటీ. అయినా వెనక్కే పంపారు. మీరు వినిపించేవన్నీ నాకు చేరుతున్నాయి. నాది ఒక్కటీ వాళ్లకు చేరడం లేదు. నాకు గట్టిగా అరిచేది కావాలి."

ఇన్నేళ్లలో మా వదిన వాదనలో ఓడిపోవడం నేను చూడలేదు. ఆ రోజు చూశాను. మనసారా సంతోషించాను. ఆవిడ ఆ నాలుగు ముక్కలూ మళ్లీ మళ్లీ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఏమండీ, ఇదే ప్యాక్ చెయ్యమనండి" అంది. అన్నయ్య, "నన్నెందుకు, ఆ అమ్మాయినే చెప్పమను" అన్నాడు. ఆయనా నేర్చుకుంటాడు, కాస్త ఆలస్యంగా.

లాప్‌టాప్ అరవాలంటే వదిన నెమ్మదించాలి కదా. రెండు మోతలు ఒకేసారి పెడితే లెక్చరర్‌కు పట్టు దొరుకుతుంది. అందుకని ఆవిడ భోజనాల బల్ల ముందు కూర్చుని, వేళ్లు ఎత్తకుండా, కొట్టకుండా, మీటల మీద జార్చడం మొదలుపెట్టింది. ఇనుప మిషన్ల మీద ముదిరిన వేళ్లు అంత సులువుగా మాట వింటాయా? రెండు మాటలు మెత్తగా పోతాయి, మూడోది ఠంగుమంటుంది. "టైపు చేస్తున్నావా, దాని తల దువ్వుతున్నావా వదినా?" అని నేను, "నీ కుట్టు మిషన్ కంటే నయమే" అని ఆవిడ. కానీ నేనూ ఊరికే కూర్చోలేదు. సీటు కవర్లలో పెట్టే మందపాటి ఫోమ్‌కు రెక్సిన్ తొడిగి, లాప్‌టాప్ కిందకు ఒక పరుపు కుట్టిచ్చాను. బెంచీ చెక్క మోగడం చాలావరకు తగ్గింది. వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి, "అంచు వంకరపోయింది" అంది. అయినా సంచిలో పెట్టుకుంది.

ముందు బెంచీకి తిరిగి వెళ్లే రోజున వదిన నన్ను కూడా రమ్మంది. ఆవిడ నన్ను ఎక్కడికైనా పిలవడం అదే మొదలు. "గొడవైతే గొంతున్న మనిషి ఒకరుండాలి" అంది. గొడవ పెట్టుకోవడానికి నన్ను బతిమాలాలా? కొత్త చెప్పులు వేసుకుని మరీ వెళ్లాను. నన్ను లోపలికి రానివ్వరు కాబట్టి, తెరిచి ఉన్న తలుపు పక్కన వరండాలో నిలబడ్డాను. ముందు బెంచీ తలుపుకు దగ్గరే. పక్కనుంచి చూసినా కనపడే తెర కదా, నాక్కూడా అక్షరాలు కనపడుతున్నాయి.

లెక్చరర్ వచ్చాడు. వీళ్లిద్దరినీ ముందు బెంచీలో చూసి ఒక్క క్షణం ఆగాడు. వదిన ఆయన కళ్లలోకి చూసింది. ఆయన ఏమీ అనకుండా బోర్డు వైపు తిరిగి, కోర్టులో సాక్షి ఎలా సాక్ష్యం చెప్పాలో మొదలుపెట్టాడు. వదిన వేళ్లు జారుతున్నాయి. అప్పుడప్పుడూ ఒక ఠంగు. ఆయన వీపు ఉలిక్కిపడుతోంది గానీ తిరగడం లేదు. లాయరమ్మ తెర చూస్తోంది, ఆయన వీపు చూస్తోంది, మళ్లీ తెర చూస్తోంది.

ఉన్నట్టుండి లాయరమ్మ లాప్‌టాప్‌ను పరుపుతో సహా తన ముందుకు లాక్కుంది. వదిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. లాయరమ్మ కొట్టింది, ఒకసారి చదువుకుంది, మీట నొక్కింది. రైల్వే స్టేషన్ గొంతు గది గోడలకు కొట్టుకుంది.

"సార్. సాక్షి నోటితో చెప్పలేకపోతే రాసిచ్చింది చెల్లుతుందా? చెల్లితే కోర్టులో దాన్ని అందరికీ వినపడేలా ఎవరు చదవాలి?"

లెక్చరర్ చేతిలో చాక్‌పీసు బోర్డు మీద గీత గీసేసింది. ఆయన ఇటు తిరగకుండానే, "ఎవరిదా చప్పుడు?" అన్నాడు.

నేను గడపలో ఒక కాలు పెట్టేశాను. వదిన చెయ్యి చాచి ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు కొట్టింది. లాయరమ్మ చదివింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కొట్టింది. నొక్కింది.

"నాదండీ. ఇంకా అయిపోలేదు."

లెక్చరర్ మెల్లగా ఇటు తిరిగాడు. లాయరమ్మను చూశాడు, లాప్‌టాప్‌ను చూశాడు, ఎందుకో గడపలో ఉన్న నా కాలును కూడా చూశాడు. చాక్‌పీసు బల్ల మీద పెట్టాడు. క్లాసు వైపు ముఖం పెట్టి, గొణగకుండా, రాసిచ్చింది చెల్లుతుందని, ఎలా చెల్లుతుందో, దాన్ని ఎవరు ఎలా చదివి వినిపించాలో చెప్పడం మొదలుపెట్టాడు. వదిన ఒక్క మాట వదలకుండా పట్టుకుంది. ఈసారి ఎక్కడా 'వినిపించలేదు' లేదు. ఆయన ముగించాక, వదిన కింద ఇంకో వరుస కొట్టింది. ఆయన అనని మాట, ఆ గదిలో ఎవరూ అనని మాట, క్లాసులో మా వదిన తనంతట తాను కొట్టిన మొదటి మాట.

'ఎవరూ నవ్వలేదు.'

లాయరమ్మ అది చదవనే లేదు. లాప్‌టాప్‌ను మళ్లీ తన ముందుకు లాక్కుని, అప్పటికే రెండో ప్రశ్న కొడుతోంది.